గోలీని గుద్దితే తోటివాళ్లు ఊరుకోవాలా? (ఐస్ హాకీ)

#1 నాలుగోలైన్

గడ్డి హాకీ అభిమానులు క్షమించాలి, ఇది ఐస్ హాకీ గొడవ.

ఒక పాత వీడియో ఈ వారంలో ఐదారుసార్లు చూశాను. 2011 నవంబర్ 12, బోస్టన్‌లో బ్రూయిన్స్‌కీ బఫెలో సేబర్స్‌కీ ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడాల పెద్ద లీగ్) మ్యాచ్. పక్ (ఆడే రబ్బరు బిళ్ల) ఎవరి అదుపులోనూ లేకుండా జారుకుంటూ వస్తోంది. సేబర్స్ గోలీ (గోల్‌కీపర్) రయన్ మిల్లర్ గోలు వదిలేసి బాగా ముందుకొచ్చి దాన్ని కొట్టేశాడు. దాని కోసమే దూసుకొస్తున్న బ్రూయిన్స్ ఆటగాడు మిలాన్ లూచిచ్ తప్పుకోలేదు. నిలువునా గుద్దేశాడు. మిల్లర్‌కి కంకషన్ (తలదెబ్బతో మెదడు అదరడం) అని తర్వాత తేలింది. లూచిచ్‌కి ఛార్జింగ్ (దూసుకొచ్చి గుద్దడం) కింద రెండు నిమిషాలు బయట కూర్చునే పెనాల్టీ పడింది. లీగ్ పిలిచి విచారించి, సస్పెన్షన్ లేకుండా పంపేసింది.

నేను ఆపి ఆపి చూసేది ఆ తర్వాతి పది సెకన్లు. మంచు మీదున్న సేబర్స్ కాసేపు తోసుకున్నారు, నాలుగు మాటలన్నారు. ఒక్కడూ గ్లవ్స్ పడేసి కొట్లాటకి దిగలేదు. మ్యాచ్ 6-2తో పోయింది. ఓడినందుకంటే ఊరుకున్నందుకే ఆ జట్టుని ఎక్కువ తిట్టారు జనం.

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. కిందటి వారం మా రిక్రియేషన్ లీగ్ మ్యాచ్‌లో మా గోలీని ఒకడు పడేశాడు. నేను పది పదిహేను అడుగుల దూరంలో ఉన్నాను. చూస్తూ నిలబడ్డాను. డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరూ ఏమీ అనలేదు. అదే ఇంకా బాధగా ఉంది.

చెప్పండి, వెళ్లి కలబడాలా వద్దా?

#2 గ్లవ్స్‌డౌన్

ఇందులో అడగడానికేముంది అన్నా? వెళ్లాలి. గోలీ మీద చెయ్యి వేస్తే ఖర్చవుతుందని అవతలివాడికి తెలియాలి. రెండు నిమిషాలు పెనాల్టీ బాక్స్‌లో కూర్చుని నీళ్లు తాగి రావడం ఒక ఖర్చా? ఆ రెండు నిమిషాలకి అవతలి జట్టు మొదటి గోలీని లేపేయొచ్చంటే ఏ కోచ్ అయినా ఆ బేరం ఒప్పుకుంటాడు.

జట్టులో డ్రెస్ చేసుకునేదే ఇద్దరు గోలీలు. ఫార్వర్డ్‌లు పన్నెండు మంది ఉంటారు, ఒకడు పోతే ఇంకొకడు. గోలీ పోతే సీజన్ పోయినట్టే. ఇద్దరూ పోతే ఏమవుతుందో 2020 ఫిబ్రవరి 22న టొరంటోలో చూశాం కదా, కరోలినా తరఫున అత్యవసర గోలీగా 42 ఏళ్ల డేవిడ్ ఎయిర్స్ దిగాల్సి వచ్చింది. ఆయన గెలిపించాడు కూడా, 6-3తో. ఆ అదృష్టం అందరికీ ఉండదు.

#3 విజిల్‌మాస్టారు

చిన్న లీగుల్లో పదకొండేళ్లుగా రెఫరీగా చేస్తున్నాను. ముందు రూలు ఏమంటుందో చూసి తర్వాత కొట్టుకుందాం.

క్రీజ్ (గోలు ముందు గీసిన గోలీ చోటు) దాటి బయటికొస్తే గోలీ కూడా మామూలు ఆటగాడే, గుద్దొచ్చు అని చాలామంది అనుకుంటారు. తప్పు. ఎన్‌హెచ్‌ఎల్ రూలు పుస్తకంలో ఛార్జింగ్ దగ్గరే రాసి ఉంటుంది: క్రీజ్ బయట ఉన్నంత మాత్రాన గోలీ అందరికీ లోకువ కాదు, అనవసరంగా తగిలితే ప్రతిసారీ పెనాల్టీ వేయాలి. ఆ 'అనవసరంగా' అన్న మాట దగ్గరే మా తిప్పలన్నీ. వాడు తప్పుకోవడానికి ప్రయత్నించాడా? మన డిఫెన్స్‌మనే వెనక నుంచి తోశాడా? ఆ వేగంలో ఆగడం సాధ్యమా? ఇవన్నీ అర సెకనులో తేల్చాలి.

ఇక వెళ్లి కలబడ్డావనుకోండి. అవతలివాడికి ఇష్టం లేకుండా కొట్లాట మొదలెట్టావని నేను అనుకుంటే, ఇన్‌స్టిగేటర్ కింద రెండు, ఫైటింగ్‌కి ఐదు, మిస్‌కాండక్ట్ (చెడు ప్రవర్తన) కింద పది. మొత్తం పదిహేడు నిమిషాలు. అందులో ఆ రెండు నిమిషాలు జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. గుద్దినవాడికి పడ్డ రెండుతో ఇవి చెల్లు. అంటే వాడు చేసిన తప్పుకి మీకు రావలసిన పవర్ ప్లేని (అవతల ఒకడు తక్కువుండగా ఆడే అవకాశాన్ని) మీవాడే చింపి పారేసినట్టు.

#4 కొత్తబ్బాయి

నేను ఈ ఆట చూడటం మొదలెట్టి ఒక్క సీజనే అయింది. తెలియక అడుగుతున్నా, తిట్టకండి. గోలీయే అంత కవచం వేసుకుని, చేతిలో అంత వెడల్పు స్టిక్ పట్టుకుని ఉంటాడు కదా. తనే లేచి కొట్టొచ్చుగా?

(ఇంకోటి, మొదట్లో గోలీ అంటే చిన్నప్పుడు ఆడుకునే గోళీ అనుకున్నాను.)

#5 ముసుగువీరుడు

తమ్ముడూ, గోలీగా నేనే చెబుతా.

కొట్టిన గోలీలు ఉన్నారు. న్యూయార్క్ ఐలాండర్స్‌కి వరసగా నాలుగు స్టాన్లీ కప్‌లు (లీగ్ టైటిళ్లు) తెచ్చిన బిల్లీ స్మిత్ క్రీజ్ దగ్గరికొచ్చినవాడి కాలి మడమల మీద స్టిక్‌తో వాయించేవాడు. ఫిలడెల్ఫియా రాన్ హెక్స్‌టాల్ ఇంకో మెట్టు పైన. 1987 ఫైనల్లో కెంట్ నిల్సన్ కాలి మీద స్టిక్ తిప్పి ఎనిమిది మ్యాచ్‌లు, 1989లో క్రిస్ చెలియోస్ మీదికి ఉరికి పన్నెండు మ్యాచ్‌లు బయట కూర్చున్నాడు. ఆ చెలియోస్ గొడవ కూడా తోటి ఆటగాడు బ్రయన్ ప్రాప్‌ని కొట్టినందుకు. అంటే అక్కడ గోలీయే తోటివాడి కోసం వెళ్లాడు, తలకిందులు వ్యవహారం.

ఇప్పుడలా కుదరదు. అవతల గొడవ జరుగుతుంటే క్రీజ్ వదిలి దూరం వెళ్లిన గోలీకి పెనాల్టీ. కాబట్టి నా కోసం నేను వెళ్లలేను, రూలే ఒప్పుకోదు.

కవచం గురించి. అది పక్ కోసం కుట్టింది, మనిషి కోసం కాదు. ముందు నుంచి వచ్చే దెబ్బని తీసుకుంటుంది. పక్క నుంచి ఎనభై తొంభై కిలోల మనిషి మోకాలి మీద పడితే ఆ ప్యాడ్ ఏమీ చేయదు, పైగా కాలిని ఇంకో వైపు మెలిపెడుతుంది. నా కళ్లు ఎప్పుడూ పక్ మీదే ఉంటాయి. నన్ను గుద్దబోయేవాడిని నేను చూడను. ఫార్వర్డ్‌కి దెబ్బ వస్తోందని అర సెకను ముందైనా తెలిసి ఒళ్లు బిగబట్టుకుంటాడు. నాకు ఆ అర సెకను కూడా ఉండదు. సమస్యంతా అక్కడుంది.

#6 గ్లవ్స్‌డౌన్

మాస్టారూ, మీ పదిహేడు నిమిషాల లెక్క బాగానే ఉంది. కానీ మిల్లర్ విషయంలో ఆ లెక్క వేసుకుని ఊరుకున్నవాళ్లకి ఏం మిగిలింది? అదే నెల 23న బఫెలోలో మళ్లీ బ్రూయిన్స్ వచ్చినప్పుడు సేబర్స్ ఆటగాడు పాల్ గాస్టాడ్ లూచిచ్‌తో గ్లవ్స్ పడేశాడు. పదకొండు రోజుల తర్వాత. పొయ్యి చల్లారాక అన్నం వండినట్టుంది. అప్పటికి లోకమంతా ఆ జట్టుని మెత్తటి జట్టు అనేసింది. ఆ మ్యాచ్ కూడా బ్రూయిన్సే గెలిచారు. ఆ సీజన్లో బఫెలో ప్లేఆఫ్స్‌కి వెళ్లలేదు.

డిసెంబర్‌లో నాష్‌విల్ జోర్డిన్ టూటూ మళ్లీ అదే మిల్లర్ మీద పడ్డాడు. ఒకసారి ఊరుకుంటే ఇలాగే ఉంటుంది.

#7 లెక్కలక్క

టూటూ సంగతి సగమే చెప్పావు తమ్ముడూ. టూటూకి లీగ్ రెండు మ్యాచ్‌ల సస్పెన్షన్ ఇచ్చింది. లూచిచ్ విషయంలో చేయని పని అప్పుడు చేసింది. గోలీలకి రక్షణ అలా వస్తుంది, గాస్టాడ్ గుద్దులతో రాలేదు. బఫెలో ప్లేఆఫ్స్ పోవడానికి ఎన్నో గాయాలు, ఎన్నో ఓటములు ఉన్నాయి. 82 మ్యాచ్‌ల సీజన్‌ని పది సెకన్ల మీద వేలాడదీస్తే ఎలా?

నా ఉదాహరణ 2022 మే, రెండో రౌండ్, సెయింట్ లూయిస్. కొలరాడో నాజెమ్ కద్రీ పక్ కోసం వెళుతూ సెయింట్ లూయిస్ బ్లూస్ డిఫెన్స్‌మన్‌తో కలిసి గోలీ జోర్డన్ బినింగ్టన్ మీద పడ్డాడు. బినింగ్టన్ మోకాలు దెబ్బతిని సిరీస్ మొత్తానికీ దూరమయ్యాడు. మ్యాచ్ అయ్యాక కద్రీ టీవీలో మాట్లాడుతుంటే బినింగ్టన్ ఖాళీ నీళ్ల సీసా విసిరాడు కూడా. ఇక తర్వాతి మ్యాచ్‌లో బ్లూస్ వాళ్లు కద్రీని వెంటాడారు. పెరాన్ ఒకసారి, బుచ్నెవిచ్ ఒకసారి, వరసగా పెనాల్టీలు. కద్రీ ఏం చేశాడు? హ్యాట్రిక్ కొట్టాడు. 6-3. సిరీస్ ఆరు మ్యాచ్‌ల్లో ముగిసింది, ఆ ఏడు కప్ కూడా కొలరాడోదే.

ఈ లీగ్‌లో సుమారుగా ఐదు పవర్ ప్లేలకి ఒక గోల్ పడుతుంది. కోపంతో నాలుగైదు పెనాల్టీలు తెచ్చుకుంటే మీ గోలీ పేరు మీద అవతలివాళ్లకి ఒక గోల్ కానుక. అసలు గోలీకి మీరు చేసే మేలు ఇదా? కాలు దెబ్బతిన్నవాడి స్థానంలో దిగిన రెండో గోలీ పాపం ఏం చేశాడు?

ఆ వారం కద్రీకి జాతి పేరు పెట్టి బెదిరింపులు వచ్చాయి. మంచు మీద 'బదులు తీర్చుకోవాలి' అన్న మాట గ్యాలరీ దాటి ఎక్కడిదాకా వెళుతుందో అదీ ఆలోచించండి.

#8 గ్లవ్స్‌డౌన్

అక్కా, బెదిరింపుల్ని నేను సమర్థిస్తానా? దాన్నీ దీన్నీ కలపకండి.

సరే, 2025 మే తీసుకోండి. టొరంటో, ఫ్లోరిడా, రెండో రౌండ్ మొదటి మ్యాచ్. ఫ్లోరిడా సామ్ బెనెట్ మోచెయ్యి టొరంటో లీఫ్స్ గోలీ ఆంథొనీ స్టోలర్జ్ తలకి తగిలింది. పెనాల్టీ లేదు. సస్పెన్షన్ లేదు. స్టోలర్జ్ ఆ సిరీస్‌లో మళ్లీ ఆడలేదు. లీఫ్స్ పద్ధతిగా ఉన్నారు, మీరు చెప్పినట్టే. 2-0 ఆధిక్యంలోంచి ఏడు మ్యాచ్‌ల్లో ఓడారు. బెనెట్‌కి చివర్లో కప్పు, దాంతోపాటు ప్లేఆఫ్స్ ఉత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ. లీగ్ చూసుకుంటుందన్నారుగా, బాగా చూసుకుంది!

#9 లెక్కలక్క

2-0 ఆధిక్యం ఎలా వచ్చింది? ఆ మొదటి మ్యాచ్‌ని లీఫ్స్ 5-4తో గెలిచారు. రెండోదీ గెలిచారు, జోసెఫ్ వోల్ గోలులో ఉండగా. కలబడకపోవడం వల్ల ఓడారంటే, కలబడకుండా ఆ రెండు ఎలా గెలిచారు? నీకు కావలసిన చోట మొదలెట్టి నీకు కావలసిన చోట ఆపుతున్నావు.

అయితే ఒకటి ఒప్పుకుంటా. అక్కడ పెనాల్టీ ఇవ్వకపోవడం నాకూ మండింది.

#10 సీటునంబర్12

అందరూ గోలీలని దేవుళ్లు చేస్తున్నారు. చేయి తగిలితే చాలు కొందరు ముసుగు ఎగిరేలా వెనక్కి పడతారు. తగిలిందా లేదా అన్న రీప్లేలో పదిహేను నిమిషాలు పోతాయి. 2015-16లో కోచ్ ఛాలెంజ్ (గోల్ మీద కోచ్ రీప్లే అడగడం) పెట్టిన దగ్గర్నుంచి గోల్ పడితే అరవాలో ఆగాలో కూడా తెలియడం లేదు.

అంతకుముందు ఇంకో పిచ్చి ఉండేది. క్రీజ్‌లో స్కేట్ ఉంటే గోల్ లేదనేవాళ్లు. 1999 ఫైనల్ ఆరో మ్యాచ్, మూడో ఓవర్‌టైమ్, బ్రెట్ హల్ స్కేట్ క్రీజ్‌లో ఉండగా హాషెక్ మీద గోల్ కొట్టాడు, డాలస్‌కి కప్ ఇచ్చేశారు. ఆ తర్వాత రూలే తీసేశారు. ఆ ఓడినవాళ్లెవరో గుర్తుందా? మళ్లీ బఫెలోయే. పాపం వాళ్లకి గోలు ముందు చోటే అచ్చి రాదు.

#11 విజిల్‌మాస్టారు

@సీటునంబర్12 నటించే గోలీలు ఉన్నారు, వాళ్లకీ పెనాల్టీ ఉంది, వేస్తాం కూడా. అది వేరే థ్రెడ్.

@గ్లవ్స్‌డౌన్ 'ఖర్చవ్వాలి' అన్నావు. సరే. ఆ ఖర్చు ఎవరి దగ్గర వసూలవుతుందో చూశావా? 2014లో ఈస్ట్ (తూర్పు విభాగం) ఫైనల్ మొదటి మ్యాచ్, న్యూయార్క్ రేంజర్స్ క్రిస్ క్రైడర్ స్కేట్లు ముందుకు పెట్టి జారుతూ వచ్చి మాంట్రియల్ గోలీ కేరీ ప్రైస్ మీద పడ్డాడు. ప్రైస్ సిరీస్ అయిపోయింది. మూడో మ్యాచ్‌లో మాంట్రియల్ బ్రాండన్ ప్రస్ట్ ఆలస్యంగా వచ్చి ఒకడి దవడ విరగ్గొట్టాడు, రెండు మ్యాచ్‌ల సస్పెన్షన్. విరిగింది ఎవరిది? క్రైడర్‌ది కాదు. అదే జట్టు డెరెక్ స్టెపాన్‌ది. అది ప్రైస్ కోసం చేశాడో కాదో ప్రస్ట్‌కే తెలియాలి, కానీ ఆ వేడిలో జరిగింది. స్టెపాన్ ఒక మ్యాచ్ మానేసి, దవడకి కాపు పెట్టుకుని వచ్చి రెండు గోల్స్ కొట్టాడు.

దాచిపెట్టుకున్న కోపం ఎంత దూరం పోతుందో 2004 మార్చి 8 చెబుతుంది. అక్కడ దెబ్బ తిన్నది గోలీ కాదు, వాంకూవర్ కెప్టెన్ మార్కస్ నాస్‌లండ్. ఫిబ్రవరిలో కొలరాడో స్టీవ్ మూర్ ఆయన్ని గుద్దాడు. మూడు వారాల తర్వాత వాంకూవర్ టాడ్ బెర్టూజీ వెనక నుంచి మూర్‌ని కొట్టి మంచు మీద పడేశాడు. మూర్ మెడ ఎముకలు విరిగాయి. మళ్లీ ఆడలేదు. బెర్టూజీ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. అంతకుముందు ఆ మూడు వారాలూ 'మనవాడి కోసం నిలబడాలి' అన్న మాటే కదా నడిచింది.

ఆ వీడియో నేను రెండోసారి చూడలేదు.

#12 కొత్తబ్బాయి

ఇప్పుడే వెతికి చూశాను. చూడకుండా ఉండాల్సింది.

#13 ముసుగువీరుడు

బెర్టూజీ దాకా వెళ్లిపోయాం. నాలుగోలైన్ అడిగింది అది కాదనుకుంటా. 'నిలబడటం' అన్న ఒక్క మాట కింద రెండు వేర్వేరు పనులు పెట్టేసి కొట్టుకుంటున్నారు మీరు.

నేను పడ్డాక జరిగేది చెబుతా. ముందు పైన ఎవరో ఉన్నారు. ముసుగు పక్కకి జరిగి కళ్లకి ఏమీ కనపడదు. పక్ ఎక్కడుందో తెలియదు, విజిల్ వినపడిందో లేదో కూడా తెలియదు. అప్పుడు నాకు కావలసింది నా మీదున్నవాడిని ఎవరో ఒకరు లాగేయడం. కాలర్ పట్టుకుని లాగినా సరే, ఒళ్లంతా అడ్డం పెట్టి తోసినా సరే. ఆ తర్వాత నాకూ వాళ్లకీ మధ్యలో ఒకడు నిలబడాలి, నేను లేచేదాకా. దీనికి మహా అయితే ఇద్దరికీ చెరో రఫింగ్ (తోపులాట) పెనాల్టీ పడుతుంది, అది చెల్లుకి చెల్లు. చాలాసార్లు మాస్టారి లాంటివాళ్లు అదీ వేయరు.

@విజిల్‌మాస్టారు నిజమే కదా?

ఇదంతా పది సెకన్ల పని. ఆ పది సెకన్లలో ఎవడూ రాకపోతే నాకు మిగతా మ్యాచంతా తేడాగా ఉంటుంది. ముందుకు రావలసిన షాట్‌కి వెనక్కి ఉంటాను. గోలు వెనకాల పక్ ఆపడానికి వెళ్లాలంటే ఒకసారి భుజం మీదుగా చూస్తాను. ఆ చూపుకి పట్టే సమయంలో గోల్ పడిపోతుంది. స్కోరుబోర్డు మీద అది నా పేరునే ఉంటుంది.

పదకొండు రోజుల తర్వాత ఎవడో నా పేరు చెప్పి కొట్లాడితే, దండం, అది వాడి పరువు కోసం. మిల్లర్ ఆ రోజు మంచు మీద కూడా లేడు, కంకషన్‌తో బయట ఉన్నాడు.

#14 విజిల్‌మాస్టారు

నిజమే. గోలీ మీదినుంచి మనిషిని లాగేసేవాణ్ణి నేను కాసేపు చూడనట్టే ఉంటాను. గుద్దు మొదలెడితే చూస్తాను. మూడోవాడు దూరితే అసలు ఊరుకోను, జరుగుతున్న కొట్లాటలోకి దూరిన మూడోవాడికి గేమ్ మిస్‌కాండక్ట్, ఇంటికే. లీగుని బట్టి కొట్లాట అంటేనే ఇంటికి, అది మీ చిన్న లీగులకి ముఖ్యం. పొద్దున్నే ఆఫీసుకి వెళ్లాల్సినవాళ్లు పళ్లూడగొట్టుకోకండి. రెండు ఊడొచ్చిన ముందు పళ్లు మంచు మీద ఏరి మరీ ఇచ్చాను ఒకసారి.

#15 గ్లవ్స్‌డౌన్

ముసుగువీరుడు చెప్పింది వేరే రకంగా నేనూ అదే అంటున్నా అనుకుంటా… కాదులే, పూర్తిగా కాదు. లాగేయడం సరిపోయే గుద్దులు ఉన్నాయి, సరిపోనివి ఉన్నాయి. లూచిచ్‌ది సరిపోని రకం. ఆ క్షణంలో, అదే షిఫ్ట్‌లో (అప్పుడు మంచు మీదున్నప్పుడే), ముఖాముఖి, వాడికి చెప్పి మరీ గ్లవ్స్ పడేయాలి. పదిహేడు నిమిషాలు పడితే పడనీ. వెనక నుంచి కొట్టేవాడు నా లెక్కలో కూడా వెధవే, బెర్టూజీని నా పక్షాన కట్టకండి.

#16 లెక్కలక్క

ఆ మ్యాచ్‌లో లూచిచ్‌తో ముఖాముఖి నిలబడగలిగిన సైజు సేబర్స్‌లో ఎంతమందికి ఉంది? అప్పుడు మంచు మీద ఉన్నవాళ్లు దెబ్బలు తిని వచ్చినా నువ్వు సంతోషిస్తావా?

#17 గ్లవ్స్‌డౌన్

సంతోషిస్తాను అక్కా. ఓడినా సరే. మీ కాలిక్యులేటర్‌లో ఆ మీట లేదు.

#18 లెక్కలక్క

లేదు. పెట్టించుకోను కూడా.

#19 నాలుగోలైన్

అందరికీ థాంక్స్. ముసుగువీరుడి పోస్ట్ చదివాక ఉండబట్టలేక మా గోలీకి నిన్న ఫోన్ చేశాను. మామూలు మాటలు మాట్లాడి, చివరికి తడబడుతూ అడిగేశాను: అన్నా, ఆ రోజు వాడు నిన్ను పడేసినప్పుడు నేను వచ్చి వాణ్ణి పట్టుకోవాల్సింది కదా, కోపంగా ఉందా అని.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు, "వాడు ఒంటరిగా నా మీదికి ఎలా వచ్చాడో గుర్తుందా?"

గుర్తులేదన్నాను.

"నీలిగీత దగ్గర నువ్వు చూడకుండా వెనక్కి పాస్ ఇచ్చావు. నేరుగా వాడి స్టిక్ మీదకి. ఇంకెప్పుడూ అలా చేయకు, కలబడటాలు తర్వాత చూద్దాం" అన్నాడు.

గురువారం మ్యాచ్ ఉంది. ముందు ఒక గంట పాస్‌లు ప్రాక్టీస్ చేయిస్తానన్నాడు, వెళుతున్నా.